గడియారానికి సాక్షి ఎవరు?

ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని ఉద్యోగజీవితం గడిపిన తెలుగు పండితుడికి గడియారాలతో ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మాత్రలు లెక్కించడం కాలాన్ని లెక్కించడమే కనుక ఆ పని నాకు కొంత ఉందనే నా మనవి. మా తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి వేళ ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, దానిని ఎంతవరకు నమ్మారు అన్న విషయాన్ని ఈ టపాలో ముచ్చటిస్తాను. కొంచెం పొడుగైనది, ఓపికతో చదువగలరు.

చంద్రగిరి కోట చూడబోయినవారు తరచుగా వినే ఐతిహ్యం ఒకటి ఉంది. తిరుమలలో శ్రీవారికి నైవేద్యం సమర్పించే వేళ మ్రోగే గంట వినబడితే తప్ప చంద్రగిరిలో రాయలవారు భోజనానికి కూర్చొనేవారు కారట. కొండకూ కోటకూ నడుమ సూటిగా కొలిచినా పదకొండు పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. అంతదూరం ఒక్క గంట నాదం వినబడదు. అందుచేత దారిలో ఘంటా మండపాలు కట్టించారనీ, ఒక మండపంలోని గంట వినగానే తరువాతి మండపంలోని కావలివాడు తన గంట మ్రోగించేవాడనీ, అలా ఆ నాదం కోటకు చేరేదనీ చెబుతారు. ఇటువంటి కథే తిరుచెందూరుకూ పాంచాలంకురిచికీ నడుమ కట్టబొమ్మన పేరిట తమిళదేశంలోనూ చెప్పుకొంటారు. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే ఉంచుదాం. అందులోని ఏర్పాటు మాత్రం ఆలోచింపదగినది.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ దూరం దాటడానికి దానికి ముప్పైయైదు సెకన్లు చాలు. ప్రతి కావలివాడూ విని, తాడు అందుకొని, గంట లాగేందుకు మరికొన్ని సెకన్లు. రాజుగారి భోజనానికి ఈ ఆలస్యం ఒక లెక్కలోనిది కాదు. అసలు చిక్కు వేరే ఉంది. నడుమ మండపంలోని కావలివాడు కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, "ఈపాటికి కొండమీద గంట కొట్టే ఉంటారు" అనుకొని తన గంట మ్రోగించాడనుకోండి. తరువాతి మండపం వాడికి అది తెలిసే ఉపాయం లేదు. నిజంగా విని కొట్టిన గంటకూ, ఊహించి కొట్టిన గంటకూ నాదంలో తేడా ఉండదు. గంట వేళను చెబుతుందే గాని, ఆ వేళ ఎంతమాత్రం నమ్మదగినదో చెప్పదు.

అందుచేత ఏ గడియారాన్నైనా మూడు ప్రశ్నలు అడగవలసి ఉంటుంది. నీ కాలం ఎక్కడ పుట్టింది? ఎన్ని చేతులు మారి నీ దగ్గరకు వచ్చింది? నడుమ ఆ దారి తెగిపోతే ఆ సంగతి నాకు చెబుతావా? మొదటి రెండు ప్రశ్నలకు మన పెద్దలు ఎప్పుడో సమాధానం చూసుకొన్నారు. మూడవదానికి సమాధానం దొరకడానికే చాలాకాలం పట్టింది.

"ఘటిక" తద్భవమై మనకు "గడియ" అయింది. గడియారం పేరులో వినిపించేది కూడా ఆ గడియే. సూర్యసిద్ధాంతం చెప్పిన ఘటీయంత్రం చాలా సులభమైనది. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నిర్మలమైన నీటిలో తేలవిడుస్తారు. రంధ్రంగుండా నీరెక్కి గిన్నె మునుగుతుంది. ఒక అహోరాత్రంలో అది అరవైసార్లు మునిగేటట్లు రంధ్రం ఉండాలి. అంటే ఒక మునక 24 నిమిషాలు. గడియలో అరవైయవ వంతు విఘడియ, అంటే 24 సెకన్లు. ఆ విఘడియకు మన శాస్త్రకారులు ఇచ్చిన కొలత నాబోటివాడికి ఎంతో ఇష్టమైనది. అరవై గుర్వక్షరాలు పలికేందుకు పట్టే కాలం విఘడియ. ఈ లెక్కన ఒక గురువు 0.4 సెకను. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే ఈ కొలతను తన గ్రంథంలో చెప్పాడు. పద్యంలో గురులఘువులు గుర్తించడం నేర్పే ప్రతి తెలుగు అయ్యవారూ ఒకవిధంగా కాలమానపు పాఠం చెబుతున్నట్లే.

అయితే రాగి గిన్నె దోషం లేనిది కాదు. వేసవిలో నీరు పలుచబడి త్వరగా ఎక్కుతుంది. చలికాలంలో మందగిస్తుంది. రంధ్రంలో పాచి పట్టినా, కిలుం పేరుకొన్నా గడియ సాగుతుంది. ఈ సంగతి ఘటీయంత్రం వాడేవారికి తెలుసు. కనుకనే పగటివేళ శంకువును నాటి, దాని నీడనుబట్టి సూర్యుణ్ణి సాక్షిగా పెట్టుకొన్నారు. సూర్యుడు కనబడని రాత్రివేళ గిన్నెను నమ్ముకొన్నారు. తిథి నక్షత్రాల అంతాన్ని సూర్యోదయంనుంచి ఎన్ని గడియలో చెప్పడం మన పంచాంగాల పాత పద్ధతి. దాని ఫలితం ఏమిటంటే, రాత్రంతా గిన్నె ఎంత తప్పినా తెల్లవారేసరికి ఆ తప్పు తుడిచిపెట్టుకొనిపోతుంది. సూర్యుడు ప్రథమ ప్రమాణం, గిన్నె ద్వితీయం, మబ్బు పట్టిననాడు అనుభవజ్ఞుడి అంచనా తృతీయం. పేర్లు పెట్టలేదు గాని అంతస్తులు మాత్రం ఉన్నాయి.

ఇక తిరుపతి వేళ మద్రాసు చేతిలోకి పోయిన కథ. 1639లో ఈస్టిండియా కంపెనీ వారికి మద్రాసు తీరాన కోట కట్టుకొనేందుకు అనుమతి ఇచ్చిన దామెర్ల నాయకులు మా కాళహస్తికి సంబంధించినవారు. ఆనాడు వారి పైన నామమాత్రంగానైనా ప్రభువులు చంద్రగిరి రాయలు. ఇక్కడివారు ఇచ్చిన ఆ ఇసుకనేల మీదే ఊరు పెరిగింది. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి అక్కడ సొంతానికి ఒక వేధశాల పెట్టుకొన్నాడు. 1792 నాటికి అది నుంగంబాక్కంలో కంపెనీ వేధశాల అయింది. 1802లో జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించి, గ్రీనిచ్‌కన్న 5 గంటల 21 నిమిషాల పైచిలుకు ముందుండే మద్రాసు వేళను స్థిరపరచాడు. శంకువు స్థానంలో దూరదర్శిని వచ్చింది, గిన్నె స్థానంలో లోలకపు గడియారం వచ్చింది. పద్ధతి మాత్రం మన పాతదే. నక్షత్రం మధ్యరేఖను దాటే క్షణాన్ని చూసి గడియారాన్ని సరిదిద్దుకొంటారు. మబ్బు పట్టిన రాత్రులు గడియారాన్నే నమ్ముకొంటారు.

ఈ వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులను ఇక్కడ తలచుకోకుండా ముందుకు పోలేను. పంచాంగకర్తల వంశంలో పుట్టి, వేధశాలలో ప్రథమ సహాయకుడి స్థాయికి ఎదిగినవారు. 1867లో ఒక నక్షత్రపు కాంతి హెచ్చుతగ్గులను కనిపెట్టారు. లండనులోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ సభ్యులయ్యారు. పంచాంగం పాత వాక్యాలను బట్టి కాక, కంటికి కనబడే ఆకాశంతో సరిపోయేటట్లు గణింపబడాలని వాదించి దృగ్గణిత పంచాంగం వెలువరించారు. పూర్వులు ఇచ్చిన సూత్రం తప్పని ఆయన అనలేదు. ఆ సూత్రాన్ని ఆకాశంతో సరిచూసి ఎంతకాలమైందని అడిగారు. పండుగ ఈరోజా రేపా అని మనం ఏటా పడే తర్జనభర్జనలో ఆ ప్రశ్న ఈనాటికీ సజీవంగా ఉంది.

రాయపురంనుంచి ఆర్కాటు దిక్కుకు మద్రాసు రైల్వే 1856లో మొదలైంది. అరక్కోణం దగ్గర వాయవ్యంగా చీలి, పుత్తూరు, రేణిగుంట, రాజంపేట మీదుగా కడపకు సాగి, 1871 నాటికి రాయచూరు చేరి బొంబాయినుంచి వచ్చే పట్టాలతో కలిసింది. మద్రాసు, బొంబాయి రెండూ ఒకే పట్టా మీద కలిసేసరికి "ఎవరి వేళ?" అన్న ప్రశ్న వచ్చింది. బొంబాయి వేళ మద్రాసుకన్న అరగంట వెనుక, కలకత్తా వేళ అరగంట ముందు. నడుమనున్న మద్రాసు వేళే 1870ల కాలంనుంచి దేశంలోని రైళ్ళకు ఆధారమైంది. మద్రాసులో చూసిన నక్షత్రం తంతితీగల మీద దేశమంతటా రైలుస్టేషన్లకు వేళ చెప్పింది. వేధశాల గడియారంతో ముడిపెట్టిన ఫిరంగి రాత్రి 8 గంటలకు ప్రేలి, వేళ సవ్యంగా ఉన్నదని పట్నవాసులకు తెలిపేది.

మన ఊళ్ళకు దీనివల్ల ఏమైందో చూడండి. తిరుపతి రేఖాంశం సుమారు 79.42 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కవేస్తే తిరుపతి సొంతవేళ మద్రాసు వేళకన్న మూడున్నర నిమిషాలు వెనుక. చిత్తూరు ఇంకొంచెం పడమర కనుక దాదాపు అయిదు నిమిషాలు వెనుక. పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో దక్షిణ భారత రైల్వే వారి చిన్నగేజి పట్టాలు కాట్పాడినుంచి చిత్తూరు, పాకాల, తిరుపతి మీదుగా గూడూరు దాకా పడ్డాక, కొండకు వచ్చే యాత్రికుడు ఒకే ఊరిలో రెండు కాలాల మధ్య తిరిగాడు. స్టేషనులో మద్రాసు వేళ, ముహూర్తానికి తిరుపతి సూర్యోదయం. మూడు నిమిషాల తేడా ఒక లెక్కా అంటే, రైలుకు లెక్కే, లగ్నాంతానికి కూడా లెక్కే.

1899లో ఖగోళ పరిశీలన కొడైకనాలుకు తరలింది. 1906 జనవరి 1నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. దీనికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మీర్జాపూరు మీదుగా పోతుందని బడిలో చెబుతాం. అదే రేఖ మన తుని దరిదాపుల్లో ఆంధ్రతీరాన్ని దాటుతుందని చెప్పడం మరచిపోతాం. ఆ రోజున మద్రాసు గడియారం తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగింది. తిరుపతి సొంతవేళకు 12 నిమిషాలు, చిత్తూరు వేళకు పదమూడున్నర నిమిషాలు ముందున్న కాలం మా గోడల మీదికి ఎక్కింది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాత వేళలను వదలలేదు. యుద్ధకాలంలో 1942 సెప్టెంబరునుంచి 1945 అక్టోబరు వరకు దేశమంతటా గడియారాలను మరొక గంట ముందుకు తిప్పారు. గంట ముందుకు తిప్పినా సూర్యుడు తన వేళకే ఉదయించాడు గనుక పురోహితుల లెక్క చెడలేదు.

ఇక రైల్వే వారి సాధారణ నియమావళిలోని ఒక ఏర్పాటును చెప్పాలి. భారత ప్రభుత్వం నిర్ణయించిన ప్రామాణిక కాలాన్ని ప్రతిదినం 16 గంటలకు ముఖ్యమైన స్టేషన్లన్నిటికీ పంపాలి. రైలు బయలుదేరే స్టేషనులోనో, సిబ్బంది మారే స్టేషనులోనో గార్డు తన గడియారాన్ని స్టేషను గడియారంతో సరిచూసుకోవాలి. ఆ వేళను డ్రైవరుకు చెప్పాలి, డ్రైవరు తన గడియారాన్ని దానిప్రకారం దిద్దుకోవాలి. ఇందులోని వివేకం గమనించండి. ప్రతి గడియారానికీ పైన ఒక గురువు ఉన్నాడు, కాలం పైనుంచి కిందికే దిగుతుంది. డ్రైవరు చేతిగడియారం చూసి గార్డు, గార్డును అడిగి స్టేషను మాస్టరు వేళ దిద్దుకొనే వీలు లేదు. ఒంటిపట్టా మీద ఎదురెదురుగా బండ్లు నడిచేచోట వేళ తప్పడమంటే ఏమిటో ఆ నియమం వ్రాసినవారికి తెలుసు.

ఆ నియమం లేనిచోట ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మా జిల్లా పడమటి ప్రాంతంలో ఒక ఊరి బడిలో పనిచేస్తున్న రోజులవి. ప్రధానోపాధ్యాయులవారు రేడియోలో వార్తలకు ముందు వినవచ్చే కూతలతో తమ చేతిగడియారం సరిచేసుకొనేవారు. వారి గడియారం చూసి బంట్రోతు గంట కొట్టేవాడు. బడి గంట విని వీధిలోని శెట్టిగారు అంగడి గోడగడియారం సరిచేసుకొనేవారు. ఒకసారి రేడియో చెడి మరమ్మతుకు పట్నం పోయింది. ప్రధానోపాధ్యాయులవారు "శెట్టిగారి గడియారం సరిగ్గా ఉంటుంది, దానితో సరిచూసుకొంటాను" అన్నారు. వారి చేతిగడియారం కొంచెం మెల్లగా నడిచేది. అది మందగించినకొద్దీ బడి గంట మందగించింది, గంటతోపాటు శెట్టిగారి గడియారమూ వెనక్కి జరిగింది. ఆ గడియారం చూసి అయ్యవారు "రెండూ సరిపోయాయి" అని సంతృప్తిపడ్డారు. మూడు వారాలు గడిచేసరికి ఊరంతా పది నిమిషాలు వెనుకబడింది. పట్నం బస్సు రోజూ ముందే వెళ్ళిపోతున్నదని అందరూ డ్రైవరును తిట్టారు. చివరకు ఆయనే దిగి, "సామీ, బస్సు వేళకే వస్తావుంది. మీ ఊరికే వేళ తప్పింది" అన్నాడు.

రెండు గడియారాలు ఒకటితో ఒకటి సరిపోవడం సత్యానికి సాక్ష్యం కాదు. ఒకదానినుంచి ఒకటి కాలాన్ని తీసుకొన్న గడియారాలు ఎప్పుడూ సరిపోతూనే ఉంటాయి. ఎంత కచ్చితంగా సరిపోతే అంత గట్టిగా మోసపోతాం.

టెలిఫోను శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మిత్రులొకరికి ఈ బడి గంట కథ చెబితే నవ్వి, "పంతులుగారూ, దీనికి మా శాస్త్రంలో పేరే ఉంది. కాలచక్రబంధం అనుకోండి. దానిని తప్పించడానికే మేము నాణ్యతా స్థాయిలు పెట్టుకొన్నాం" అన్నారు. ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను.

టెలిఫోను యంత్రాలకు కావలసినది వేళ కాదు, లయ. గంట ఎంతైందో వాటికి అక్కరలేదు. మాటను సెకనుకు 8000 ముక్కలుగా చేసి పంపేటప్పుడు, పంపే యంత్రమూ అందుకొనే యంత్రమూ ఒకే లయలో నడవాలి. మా సీమ చెక్కభజన చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. నడుమనున్న గురువు తాళాన్ని బట్టి వలయంలోని వారందరూ అడుగు వేస్తారు. గురువును చూడడం మాని ఒకరినొకరు చూసుకొంటూ అడుగు వేస్తే, అందరూ కలిసే ఉంటారు, లయ మాత్రం మెల్లమెల్లగా జారిపోతుంది. యంత్రాల లయ జారితే ముక్కలు తప్పిపోతాయి. మాటలో చిన్న టిక్కుమనే చప్పుడు, ఫ్యాక్సులో చెడిన వరుస, రహస్య సంకేతాలలోనైతే మొత్తం సందేశమే పాడు.

అందుచేత అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వారు గడియారాలకు వర్ణాశ్రమం వంటి వరుస ఏర్పరచారు. అయితే ఇక్కడ పుట్టుకనుబట్టి కాదు, నడతనుబట్టి. అన్నిటికన్న పైన ప్రాథమిక ప్రమాణ గడియారం. సాధారణంగా సీజియం అణువుల కంపనం మీద నడుస్తుంది. దాని తప్పు పదివేల కోట్లలో ఒక వంతుకు మించరాదు. అంటే ఒక సెకను తప్పడానికి మూడువేల ఏళ్ళకు పైగా పట్టాలి. దాని క్రింద ఆ లయను అందుకొని పెద్ద కేంద్రాలకు పంచే మధ్యస్థ గడియారాలు రెండు తరగతులు. వాటి క్రింద ప్రతి యంత్రంలోనూ ఉండే చిన్న స్ఫటికపు గడియారం. దానిని ఒంటరిగా వదిలేస్తే దినానికి దాదాపు 0.4 సెకను దాకా తప్పవచ్చు.

అసలు విశేషం ఇప్పుడు చెబుతాను. ప్రతి యంత్రమూ లయతోపాటు ఒక చిన్న సంకేతాన్ని కూడా ఎడతెగకుండా పంపుతుంది. నాలుగు బిట్ల అంకె. 2 అంటే "నా లయ ప్రాథమిక ప్రమాణంనుంచి వచ్చింది" అని. 4 అంటే మొదటి తరగతి మధ్యస్థం, 8 అంటే రెండవ తరగతి, 11 అంటే "ఇది నా సొంత స్ఫటికపు లయ" అని. సున్నా అంటే "నా లయ నాణ్యత నాకు తెలియదు" అని ఒప్పుకోవడం. 15 అంటే "నన్ను నమ్మవద్దు, నా లయను వాడవద్దు" అని. ఒక యంత్రం తాను ఎవరినుంచి లయ తీసుకొంటున్నదో, ఆ వైపుకు తిరిగి పంపే సంకేతంలో ఈ 15నే పెడుతుంది. శిష్యుడు గురువుతో, "అయ్యా, మీ దగ్గర నేర్చినదే నా దగ్గర ఉంది. నన్ను చూసి మీరు దిద్దుకోవద్దు" అన్నట్లన్నమాట. శెట్టిగారి గడియారం మీద ఆ ఒక్క అంకె ఉండి ఉంటే మా ఊరు పది నిమిషాలు వెనుకబడేది కాదు.

ఒక యంత్రానికి రెండు మూడు దిక్కులనుంచి లయ వచ్చేటట్లు ఇంజనీరు ముందే అమర్చిపెడతాడు. వాటిలో ఏ సంకేతంలో నాణ్యత ఎక్కువ ఉంటే దానిని యంత్రం ఎన్నుకొంటుంది. నాణ్యత సమానమైతే ఇంజనీరు వేసిన ప్రాధాన్యపు అంకె చూస్తుంది. తెగిపోయిన దారి మళ్ళీ బాగుపడినా వెంటనే దాని మీదికి దూకదు. కొన్ని నిమిషాలు నిలకడగా ఉన్నదని చూసుకొని గాని తిరిగి నమ్మదు. అన్ని దారులూ తెగితే, ఇంతవరకు విన్న లయను గుర్తుపెట్టుకొని కొంతకాలం తానే నడుస్తుంది. ఆ స్థితిలో తన సంకేతపు అంకెను మాత్రం దించుకొంటుంది. రాత్రివేళ సూర్యుణ్ణి తలచుకొంటూ నడిచిన రాగి గిన్నె చేసిన పనే ఇది. గిన్నె తన స్థితిని చెప్పుకోలేదు, ఈ యంత్రం చెప్పుకొంటుంది. మునుపటి మూడవ ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరికింది.

అయితే ఒకచోట మనిషి ప్రవేశిస్తాడు. పాత యంత్రాలు కొన్ని లయను పంపుతాయి గాని నాణ్యతా సంకేతాన్ని పంపలేవు. అటువంటి దారికి ఏ స్థాయి ఇవ్వాలో ఇంజనీరే చేత్తో వ్రాయాలి. "అక్కడే ఉంది పంతులుగారూ ప్రమాదం. పని త్వరగా తెమలాలని ఎక్కువ స్థాయి వ్రాసేశామా, యంత్రం ఆ మాట నమ్ముతుంది. దాని క్రిందనున్న నూరు యంత్రాలు దానిని నమ్ముతాయి. ఎక్కడా ఎర్రదీపం వెలగదు" అన్నారు మిత్రులు. మధ్య మండపంలో కునుకు తీసి ఊహించి కొట్టిన గంట మళ్ళీ వినబడిందనిపించింది నాకు.

ఇదంతా ఎక్కడో నగరాలలోని వ్యవహారం అనుకోనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్ళూరుపేట ప్రాంతంతోపాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడినుంచే 2013 జులై 1న మన దేశపు మార్గనిర్దేశక ఉపగ్రహాలలో మొదటిదైన ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఎ పైకి వెళ్ళింది. ఇటువంటి ఉపగ్రహమంటే ప్రధానంగా ఆకాశంలో వ్రేలాడదీసిన గడియారమే. దానినుంచి సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి మనం ఎక్కడున్నామో లెక్క తేలుతుంది. సెకనులో పదిలక్షల వంతు తప్పితే నేలమీద 300 మీటర్లు తప్పుతుంది. అందుకని ఒక్కొక్క ఉపగ్రహంలో మూడేసి రుబీడియం అణుగడియారాలు పెట్టారు. అవి విదేశం నుంచి తెచ్చినవి.

ఆ మొదటి ఉపగ్రహంలోని మూడు గడియారాలూ 2016లో ఒకదాని తరువాత ఒకటి చెడిపోయాయి. ఉపగ్రహం దేహానికి ఏ లోపమూ లేదు. వేళ చెప్పే అర్హత మాత్రం పోయింది. ఇస్రో వారు ఆ సంగతి 2017లో బయటపెట్టారు. స్థాన నిర్ణయానికి దానిని పక్కనపెట్టి, సందేశాలు పంపే పనికి పరిమితం చేశారు. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న పంపినది ఉష్ణకవచం విడివడక విఫలమైంది. 2018 ఏప్రిల్ 12న పంపినది నిలిచింది. 2023 మే 29న పైకి వెళ్ళిన ఎన్‌విఎస్-01లో తొలిసారిగా మన దేశంలో, అహ్మదాబాదులో, తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చారు. ఆ తరువాతిదైన ఎన్‌విఎస్-02 శ్రీహరికోటనుంచి నూరవ ప్రయోగంగా 2025 జనవరి 29న వెళ్ళింది గాని అనుకొన్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈ ఎత్తుపల్లాలన్నిటిలో నాకు గౌరవనీయంగా తోచినది "ఈ గడియారం ఇక నమ్మదగినది కాదు" అని ప్రకటించి పక్కనపెట్టడం. ఈ ఉపగ్రహాలు పంపే సందేశంలోనే ఆరోగ్యం తెలిపే భాగం ఒకటి ఉంటుంది.

ప్రామాణిక కాలాన్ని ఈనాడు నిలుపుతున్నది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. న్యాయసమ్మతమైన కొలతల చట్టం క్రింద ఆ కాలాన్నే అందరూ వాడాలని నిర్దేశించే నిబంధనల ముసాయిదాను కేంద్రప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. బ్యాంకుల లావాదేవీలు, విద్యుత్తు పంపిణీ, చరవాణి గోపురాలు అన్నీ ఎవరో ఒకరి గడియారాన్ని నమ్ముకొన్నవే. అయిదవ తరం చరవాణి గోపురాల మధ్య తేడా సెకనులో పదిలక్షల వంతులు మూడింటికి మించరాదని నియమం. కాబట్టి మద్రాసు ఫిరంగి నాడు వినవచ్చిన ప్రశ్న, ఎవరి వేళను నమ్ముదాం అన్నది, తీరిపోలేదు. ఇంకా సూక్ష్మమైంది.

ఈ విషయం మీ ముందుకు తేవడానికి మరొక కారణం ఉంది. చరిత్ర వ్రాసుకొనే మనకూ ఇటువంటి స్థాయిలు అవసరం. రాతి మీది శాసనం ఒక స్థాయి, సమకాలికుడి రచన ఒక స్థాయి, నూరేళ్ళ తరువాత వ్రాసినది ఇంకొకటి, జనం నోట విన్నది వేరొకటి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తిరుమల తిరుపతి శాసనాలను గోడల మీదనుంచి చదివి నివేదించినప్పుడు చేసినది ఇదే. స్థలపురాణాలతోపాటు రాతి సాక్ష్యాన్ని కూడా మన ముందుంచారు. ఐతిహ్యం పనికిరానిది కాదు. దాని మీద ఐతిహ్యమన్న ముద్ర ఉండాలంతే. అంతర్జాలంలో ఒక పుటను చూసి మరొకటి వ్రాస్తారు. ఏడాది తిరిగేసరికి మొదటి పుటలోనే రెండవదాన్ని ఆధారంగా చూపుతారు. అప్పుడవి శెట్టిగారి గడియారమూ, బడి గంటా అవుతాయి. రెండూ సరిపోతాయి, చదివేవారు తృప్తిపడతారు. బస్సు తప్పిపోతుంది.

మీ మీ ఊళ్ళలో రేడియో రాకముందు వేళ ఎలా తెలిసేదో, మిల్లు కూత విన్నారో, కచేరీ గంట విన్నారో, రైలు పోక చూసుకొన్నారో, పెద్దలను అడిగి వ్రాయండి. ఎవరు చెప్పారో, వారు చూసి చెప్పారో విని చెప్పారో కూడా ఒక ముక్క కలిపి వ్రాయగలరని కోరుతున్నాను.